ఒకే ఫీడ్, రాత్రి ఒక దిగుబడి, పగలు ఒక దిగుబడి: బాసిల్లస్ ఫెడ్-బ్యాచ్‌లో ఎక్కడ తప్పుతున్నాం?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. కావలి పరిసరాల్లో రొయ్యల చెరువులకు ప్రోబయాటిక్ తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో ఫెర్మెంటేషన్ విభాగం నా బాధ్యత. రెండు నెలలుగా తేలని చిక్కు ఒకటి ఉంది. అనుభవం ఉన్నవారు దారి చూపుతారని కాస్త వివరంగానే రాస్తున్నాను.

మాది 1,000 లీటర్ల ఫెర్మెంటర్ (సూక్ష్మజీవులను పెంచే ట్యాంకు). 650 లీటర్ల మీడియాతో మొదలుపెడతాం. పెంచేది బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా. మొదటి మీడియాలో లీటరుకు 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, కొంత సోయా పిండి, కొంత ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, లవణాలు ఉంటాయి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు, పీహెచ్ 7 దగ్గర. పీహెచ్ పడితే కాస్టిక్ ద్రావణం దానంతట అదే పడుతుంది. సంక్రాంతి వరకు మామూలు బ్యాచ్ పద్ధతిలోనే నడిపాం. డెక్స్‌ట్రోజ్ అయిపోయేసరికి లీటరుకు 9 గ్రాముల పొడి బరువు (ఎండబెట్టిన కణాల బరువు) వచ్చేది, అక్కడితో ఆగిపోయేది. డెక్స్‌ట్రోజ్‌ను మొదట్లోనే 60 గ్రాములకు పెంచి చూశాం. దిగుబడి పెరగకపోగా పీహెచ్ ఆపలేనంతగా పడిపోయి, బ్యాచ్ పుల్లటి వాసన కొట్టింది.

అందుకని ఫెడ్-బ్యాచ్‌కు, అంటే చక్కెరను ఒకేసారి వేయకుండా కొద్దికొద్దిగా ఎక్కించే పద్ధతికి, మారాం. లీటరుకు 500 గ్రాముల డెక్స్‌ట్రోజ్ ద్రావణాన్ని విడిగా స్టెరిలైజ్ చేసి, సీడ్ (ముందుగా పెంచి ఉంచిన బాసిల్లస్) వేసిన 7 గంటల తర్వాత మొదలుపెట్టి, గంటకు 8 లీటర్ల చొప్పున 8 గంటల పాటు పంపుతో ఎక్కిస్తున్నాం. సాయంత్రం 4 గంటలకు సీడ్ వేసి, రాత్రి ఫీడ్ ఎక్కే బ్యాచ్‌లు చక్కగా వస్తున్నాయి: పొడి బరువు 24 గ్రాములు, ఒక్కోసారి 25. తెల్లవారుజామున 4 గంటలకు సీడ్ వేసి, పగలు ఫీడ్ ఎక్కేవి మాత్రం 14, 15 దగ్గర నిలిచిపోతున్నాయి, డి.ఓ. (నీటిలో కరిగిన ఆక్సిజన్) సున్నాకు అంటుకుపోతోంది, కాస్టిక్ రెట్టింపు ఖర్చవుతోంది. వాసన పులిసిన మజ్జిగలా ఉంటోంది.

ఫిబ్రవరిలో ఈ తేడా ఇంతగా లేదు. ఏప్రిల్ నుంచి ముదిరింది. డెక్స్‌ట్రోజ్ బస్తాల లాటు మార్చాం, సీడ్ కొత్తగా తీశాం, బోరు నీటికి బదులు ఆర్.ఓ. నీరు వాడాం, ఏమీ మారలేదు. కంట్రోలర్ చార్టులో ఉష్ణోగ్రత పగలూ రాత్రీ 37 దగ్గరే గీత గీసినట్టు ఉంది కాబట్టి ఎండను అనుమానించలేకపోతున్నాను. పగటి షిఫ్టు కుర్రవాళ్లు నిర్లక్ష్యం చేస్తున్నారని మా యజమాని అభిప్రాయం. నాకు అలా అనిపించడం లేదు. మా దగ్గర చిల్లర్ (నీటిని చల్లబరచే యంత్రం) లేదు, కూలింగ్ టవర్ నీరే జాకెట్‌లో (ట్యాంకు చుట్టూ ఉన్న తొడుగులో) తిరుగుతుంది. ఫీడ్ వేగం తగ్గించాలా, గాఢత తగ్గించాలా, లేక అసలు పద్ధతే మార్చాలా?

జవాబు 1 (ఒంగోలు నుంచి, విశ్రాంత ఉద్యోగి)

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. నేను ముప్పై ఏళ్లకు పైగా యాంటీబయాటిక్ ఫెర్మెంటేషన్‌లో పనిచేసినవాణ్ణి. మీ కుర్రవాళ్లను తప్పుపట్టే ముందు మీ జాకెట్‌ను ఒకసారి లెక్కవేయండి.

ఫీడ్ వేగం అనగానే సూక్ష్మజీవి ఎంత తినగలదు అని అందరం ఆలోచిస్తాం. తినడం దానికి పెద్ద పని కాదు. తిన్నదానికి తగిన ఆక్సిజన్‌ను మన ట్యాంకు అందించగలదా, తిన్నప్పుడు పుట్టే వేడిని మన జాకెట్ బయటకు లాగగలదా అన్నవే ఫీడ్‌కు హద్దులు. మీ అంకెలతోనే చూద్దాం. గంటకు 8 లీటర్లు అంటే 4 కిలోల డెక్స్‌ట్రోజ్. చక్కెరలో దాదాపు సగం కణాలుగా మారుతుందనుకుంటే, కిలో డెక్స్‌ట్రోజ్‌కు సుమారు 0.4 కిలోల ఆక్సిజన్ కావాలి. అంటే మీ ట్యాంకుకు గంటకు 1.6 కిలోల ఆక్సిజన్, మోల్ లెక్కలో 50. ఇది చిన్న కోరిక కాదు. 37 డిగ్రీల దగ్గర గాలితో నిండుగా కలిసిన నీటిలో లీటరుకు 7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కూడా నిలవదు. మీ కణాలు పీల్చే వేగానికి ఆ నిల్వ 10 సెకన్లకు సరిపోతుంది. గాలి, స్టిర్రర్ (ద్రవాన్ని కలియతిప్పే రెక్కలు) క్షణక్షణం కొత్తగా కలుపుతూ ఉంటేనే బండి నడుస్తుంది.

ఇక వేడి. ఏ జీవి అయినా, ఏ చక్కెర అయినా, గాలి పీల్చి బతికేటప్పుడు ఖర్చయిన ప్రతి మోల్ ఆక్సిజన్‌కు దాదాపు 460 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఫెర్మెంటేషన్‌లో ఇంతకన్నా నమ్మకమైన అంకెను నేను చూడలేదు. గంటకు 50 మోల్‌లు అంటే 23,000 కిలోజౌళ్లు, అంటే 6.4 కిలోవాట్లు. స్టిర్రర్ తిరగడం వల్ల పుట్టే వేడి మరో కిలోవాటున్నర అనుకుందాం. మొత్తం 8 కిలోవాట్లు బయటికి పోవాలి.

మీ ట్యాంకు సైజుకు తడిసే జాకెట్ వైశాల్యం 3 చదరపు మీటర్లు ఉండవచ్చు. ఒక్కో చదరపు మీటరు, ఒక్కో డిగ్రీ తేడాకు 400 వాట్లు లాగుతుందనుకుందాం. పొలుసు కట్టిన జాకెట్ అయితే అంత కూడా లాగదు. రాత్రి టవర్ నీరు 29 డిగ్రీలకు లోపలికి వెళ్లి 31కి బయటికి వస్తే, సగటు తేడా 7 డిగ్రీలు, సుమారు 8.3 కిలోవాట్లు పోతాయి. అంటే రాత్రి కూడా మీరు అంచు మీదే నడుస్తున్నారు. మధ్యాహ్నం అదే నీరు 33కి వెళ్లి 35కి వస్తే, తేడా 3 డిగ్రీలైనా ఉండదు, 3.5 కిలోవాట్లకు మించి పోదు. పుడుతున్నది 8, పోతున్నది 3.5. రోళ్లు పగిలే ఎండల్లో చిల్లర్ లేకుండా 37 డిగ్రీల గీత కదలకుండా నిలబడిందని మీరు చెబుతున్నారు, అది లెక్కకు అందని విషయం. గీత నిలబడిందంటే ఎవరో ఏదో చేసి నిలబెట్టారు. మీ పగటి లాగ్‌షీట్లలో ఆర్.పి.ఎం. (స్టిర్రర్ నిమిషానికి తిరిగే చుట్లు) గడి చూసి చెప్పండి.

టవర్ గురించి ఒక పక్కమాట. టవర్ నీరు ఎంత చల్లబడుతుందన్నది గాలి వేడిమి ఒక్కదాని మీదే ఆధారపడదు, గాలిలో తేమ మీద కూడా ఆధారపడుతుంది. పడమటి వడగాలి వీచేటప్పుడు ఒళ్లు మండినా టవర్ ఒక మాదిరిగా పనిచేస్తుంది. సముద్రపు గాలి తిరిగి ఉక్కపోత మొదలైతే మనకు హాయి, టవర్‌కు కష్టం. దీనికి తోడు సంపు ఎండలో ఉంటే, పైపులు రేకుల కప్పు మీదుగా వస్తుంటే, టవర్ చల్లబరచిన నీరు జాకెట్ చేరేలోపే రెండు డిగ్రీలు పెరుగుతుంది.

మీరు డెక్స్‌ట్రోజ్‌ను ఒకేసారి 60 గ్రాములు వేసి చూసిన ప్రయోగం కొత్తది కాదు, మొదటి ప్రపంచయుద్ధం నాటి జర్మనీ, డెన్మార్క్ ఈస్ట్ తయారీదారులు చేతులు కాల్చుకున్న చోటే మీరూ కాల్చుకున్నారు. చక్కెర ఒక్కసారిగా కనిపిస్తే ఈస్ట్, గాలి ఎంత ఉన్నా సరే, దానిలో చాలా భాగాన్ని ఆల్కహాలుగా మార్చేస్తుంది. మొలాసిస్‌ను కొద్దికొద్దిగా పోస్తే అదే చక్కెరకు ఎన్నో రెట్లు ఈస్ట్ వస్తుందని వాళ్లు కనిపెట్టాకే ఈ ఫెడ్-బ్యాచ్ పద్ధతి పుట్టింది. మా పెన్సిలిన్ సంగతీ అంతే: 1940లలో అమెరికాలోని పియోరియా ప్రయోగశాలలో మీడియాలో లాక్టోజ్ వాడింది బూజు దాన్ని మెల్లగా తింటుందనే. తరువాత గ్లూకోజ్‌నే సన్నటి ధారగా ఎక్కిస్తే లాక్టోజ్ అవసరమే లేకపోయింది.

జవాబు 2 (నెల్లూరు నుంచి, బయోటెక్నాలజీ అధ్యాపకురాలు)

పైన పెద్దవారు చెప్పిన వేడి లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి ముందు జరిగే రెండు విషయాలు చేర్చాలి.

మొదటిది, గంటకు 8 లీటర్లన్న స్థిరమైన ఫీడ్. బ్యాచ్ ముగిసేసరికి మీ ట్యాంకులో సుమారు 6 కిలోల పొడి కణాలున్నాయి. అప్పుడే 4 కిలోల చక్కెర గంటకు పడితే, ఆ కొద్ది కణాల మీద మొదటి గంటల్లో భారం ఎక్కువ. చివరి గంటల్లో కణాలు మూడింతలయ్యాక అదే 4 కిలోలు ఒక్కో కణానికి అరకొర. స్థిరమైన ఫీడ్‌లో పెరుగుదల గుణింపుగా సాగదు, సరళరేఖగా సాగుతుంది. అందుకని ఎక్స్‌పొనెన్షియల్ ఫీడ్ అంటారు: కావలసిన పెరుగుదల వేగాన్ని అప్పటి మొత్తం కణాలతో గుణించి, దిగుబడి గుణకంతో భాగిస్తే ఆ గంటకు కావలసిన చక్కెర వస్తుంది. మీరు గంటకు 0.2 వేగం కోరుకుంటే, 6 కిలోల కణాలకు, గ్రాముకు 0.45 గ్రాముల దిగుబడి లెక్కన, మొదట గంటకు 2.7 కిలోల చక్కెర చాలు. అంటే 5 లీటర్ల పైచిలుకు ఫీడ్. అక్కడి నుంచి ప్రతి మూడున్నర గంటలకు అది రెట్టింపు కావాలి. మూడున్నర గంటలకు 10 లీటర్లు దాటుతుంది, మీ ట్యాంకు అంత మోయలేదు. కాబట్టి 5 దగ్గర మొదలుపెట్టి, గుణింపుగా పెంచుతూ, ట్యాంకు మోయగలిగిన హద్దు చేరాక అక్కడే నిలిపివేయడం సబబు. ఖరీదైన కంట్రోలర్ అక్కర్లేదు. అరగంటకోసారి పంపు వేగం మార్చే పట్టిక గోడకు అంటిస్తే చాలు.

రెండోది, ఆ మజ్జిగ వాసన. ఆక్సిజన్ చాలనప్పుడో, చక్కెర మితిమీరినప్పుడో బాసిల్లస్ సబ్టిలిస్ తిన్నదాన్ని పూర్తిగా మండించలేక, మధ్యలోనే అసిటిక్ ఆమ్లంగా, అసిటోయిన్‌గా బయటకు వదిలేస్తుంది. కాస్టిక్ రెట్టింపు పడింది ఈ ఆమ్లానికే. చక్కెర అయిపోయాక అది వీటినే తిరిగి తింటుంది కాబట్టి పీహెచ్ మళ్లీ పైకి లేస్తుంది. మీ పగటి బ్యాచ్‌ల చివర పీహెచ్ 7.5 దాటడం గమనించారా?

ఇక్కడే ఒక ప్రశ్న. పీహెచ్ కోసం కాస్టిక్ ఎందుకు వాడుతున్నారు? అమ్మోనియా నీరు వాడితే పీహెచ్‌తో పాటు నత్రజని కూడా అందుతుంది. మీరు ఫీడ్‌గా ఎక్కించే 32 కిలోల చక్కెరకు 14 కిలోల కణాలు రావాలంటే, వాటిలో పది, పన్నెండు శాతం నత్రజనే కాబట్టి, కిలోన్నర నత్రజని కావాలి. 25 శాతం అమ్మోనియా నీటిలో అది 7 కిలోల చిల్లరకు వస్తుంది. సోయా పిండి, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ మొదటి బ్యాచ్‌కు సరిపోతాయి, ఫీడ్ దశకు కాదు. చక్కెర ఒక్కటే ఎక్కిస్తూ పోవడం అన్నం పెట్టి కూర వడ్డించకపోవడం లాంటిది.

మీ ఫీడ్ సరిపోతోందా లేదా అన్నది కణాలనే అడగవచ్చు. రొయ్యల చెరువులో చెక్ ట్రే ఎలాగో, ఫెర్మెంటర్‌లో డి.ఓ. ప్రోబ్ అలాగ. ట్రేలో మేత వేసి, రెండు గంటలకు ఎత్తి చూసి, మిగిలితే తగ్గిస్తారు, ఖాళీ అయితే పెంచుతారు కదా. ఇక్కడ ఫీడ్ పంపును ఒక్క నిమిషం ఆపి చూడండి. డి.ఓ. కొన్ని సెకన్లలో నిటారుగా పైకి లేస్తే ట్యాంకులో మిగులు చక్కెర లేదు, ఫీడ్ సరిగ్గానే ఉంది. నిమిషం గడిచినా డి.ఓ. కదలకుండా పడుకుని ఉంటే, ట్రేలో మేత మిగిలిపోయినట్టే. ఇంకా పోయడం అనవసరం. తేడా ఒక్కటే: చెరువులో ఆక్సిజన్ గండం తెల్లవారుజామున, మీ ట్యాంకులో మధ్యాహ్నం.

సోయా పిండి ఉన్న మీడియాలో పొడి బరువును మరీ అంకెకు అంకె నమ్మవద్దు, కరగని పిండి కూడా దానిలో కలుస్తుంది. ప్లేట్ కౌంట్ (బతికున్న కణాలను ప్లేటు మీద పెంచి వేసే లెక్క) కూడా పక్కన రాసుకోండి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒంగోలు పెద్దవారి మాట పట్టుకుని ఈ ఉదయం ఆఫీసు బీరువాలో ఉన్న పాత లాగ్‌షీట్లన్నీ బల్ల మీద పరిచాను. ఉష్ణోగ్రత గడిలో వరసగా 37.0, 37.1, 37.0. దాని పక్క ఆర్.పి.ఎం. గడిలో 12 గంటలకు 350, ఒంటిగంటకు 300, రెండింటికి 260, మూడింటి నుంచి 220. ఆ అంకెలు ఇన్నాళ్లూ నా కళ్ల ముందే ఉన్నాయి. నేను చూసింది ఉష్ణోగ్రత చార్టు ఒక్కటే.

షిఫ్టు కుర్రవాణ్ణి పిలిచి అడిగితే దాచకుండా చెప్పాడు. ఏప్రిల్‌లో ఒకసారి ఉష్ణోగ్రత 39 దాటి అలారం మోగిందట. స్టిర్రర్ తగ్గిస్తే వేడి, నురగ రెండూ తగ్గుతాయని గమనించి, అప్పటి నుంచి అదే చేస్తున్నాడు. 37 దాటకూడదని నేను చెప్పిన మాటను పాటించాడు తప్ప నిర్లక్ష్యం చేయలేదు. యజమానికి కూడా ఈ విషయం చెప్పాను.

సంపు నీటిలో థర్మామీటరు ముంచి చూశాను: మధ్యాహ్నం 2 గంటలకు 33.5, రాత్రి 2 గంటలకు 28.5. మీ అంచనాకు అరడిగ్రీ అటూ ఇటూ. పగటి బ్యాచ్‌ల చివర పీహెచ్ పెరగడం కూడా నిజమే, 7.8 వరకు పోయింది.

జవాబు 3 (అల్లూరు వైపు నుంచి, రొయ్యల రైతు)

నేను ఫెర్మెంటర్ నడిపేవాణ్ణి కాదు, మీలాంటివాళ్ల దగ్గర సరుకు కొనేవాణ్ణి. రసాయనశాస్త్రం చదివి చెరువుల్లోకి దిగినందువల్ల మాట కలుపుతున్నాను. పొడి బరువు 14 అయినా 24 అయినా నాకు పని లేదు. చెరువు గట్టు మీద షెడ్డులో రెండు నెలలు ఉన్న ప్యాకెట్ విప్పి నీళ్లలో కలిపితే ఎన్ని బీజకణాలు (స్పోర్లు, అంటే వేడిని, ఎండను తట్టుకునే నిద్రాణ రూపాలు) బతికి మొలకెత్తుతాయన్నదే నాకు కావలసింది. పెరిగే దశలో ఉన్న కణం ఎండబెట్టేటప్పుడే సగం చస్తుంది, మా షెడ్డు వేడికి మిగతా సగం.

చక్కెర అందుతున్నంతసేపు బాసిల్లస్ బీజకణం కట్టదని మేం చదువుకున్నాం. అలాంటప్పుడు మీరు ఫీడ్ ఆపిన ఎంతసేపటికి ట్యాంకు దించుతున్నారు? ఒకరి దగ్గర కొన్న సరుకును 80 డిగ్రీల నీటిలో 10 నిమిషాలు ఉంచి, ఉంచకముందు, ఉంచిన తర్వాత ప్లేట్ కౌంట్ చేయించాను. ముందు కోట్లలో ఉన్న లెక్క తర్వాత లక్షల్లోకి వచ్చింది. ఆ ప్యాకెట్ మీద రాసిన అంకె అబద్ధం కాదు, తయారైన రోజున అన్ని కణాలూ ఉండే ఉంటాయి. నాకు మాత్రం అది ఉపయోగపడలేదు.

జవాబు 2 రాసినవారు

అల్లూరు రైతుగారు అడిగింది అసలైన ప్రశ్న. బాసిల్లస్‌కు ఫీడ్ పథకం అంటే ఎక్కించడం ఎంత ముఖ్యమో ఆపడమూ అంత ముఖ్యం. చక్కెర, నత్రజని రెండూ దండిగా ఉన్నంతకాలం కణం పెరుగుదల మీదే ఉంటుంది. కొరత తగిలాకే బీజకణం వైపు తిరుగుతుంది, తిరిగాక పూర్తి కావడానికి 37 డిగ్రీల దగ్గర ఏడెనిమిది గంటలు పడుతుంది. అందరూ ఒకేసారి బయలుదేరరు కాబట్టి ఇంకొన్ని గంటలు కలుపుకోవాలి. ఫీడ్‌ను మెల్లమెల్లగా తగ్గిస్తూ సాగదీయకుండా ఒక్కసారిగా ఆపండి. అన్ని కణాలకూ కొరత ఒకేసారి తెలుస్తుంది. ఆ దశలోనూ గాలి, స్టిర్రర్ కావాలి. ఫీడ్ అయిపోయింది కదా అని మోటారు తగ్గించవద్దు.

మాంగనీసు సంగతి చూసుకోండి. సూక్ష్మ మోతాదు చాలు గాని అది లేకపోతే బీజకణాలు కట్టవు. మీరు బోరు నీటి నుంచి ఆర్.ఓ. నీటికి మారానన్నారు, బోరు నీటితో కొన్ని లవణాలు ఊరికే వచ్చేవి, ఇప్పుడు అవి విడిగా వేసుకోవాలి. మెగ్నీషియం సల్ఫేటును ఫాస్ఫేటుతో, అమ్మోనియం లవణంతో కలిపి స్టెరిలైజ్ చేస్తే అడుగున తెల్లటి మడ్డి పడుతుంది. ఆ మడ్డిలోకి పోయిన మెగ్నీషియం కణాలకు సులువుగా దక్కదు. విడిగా కాచి, చల్లారాక కలపండి.

జవాబు 1 రాసినవారు

లాగ్‌షీటు చూసి పంపినందుకు సంతోషం. స్టిర్రర్ వేగం 350 నుంచి 220కి దిగితే నీటికి అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. వేగానికి అది ఘనం లెక్కన మారుతుంది మరి. గాలి బుడగలు పెద్దవై, ఆక్సిజన్ కరగడం కుంటుపడి, మీ డి.ఓ. సున్నాకు అంటుకుంది. కణాలు పూర్తిగా మండించలేకపోయాయి కాబట్టి వేడి కూడా తగ్గింది, చార్టు గీత కదలకుండా నిలబడింది. కుర్రవాడు చేసిన పని తనకు తెలిసినంతలో తెలివైనదే, అతన్ని మందలించకండి.

చిల్లర్ కొనమని ఎవరైనా చెబుతారు. కొనగలిగితే మంచిదే. కొనేలోపు ఖర్చు లేని ఉపాయం ఒకటి ఉంది, అధ్యాపకురాలు దీనికి ఒప్పుకుంటారో లేదో చూడాలి: సెట్‌పాయింటును 37 నుంచి 40కి పెంచండి. బాసిల్లస్ సబ్టిలిస్‌కు 40 పెద్ద ఇబ్బంది కాదు. టవర్ నీరు 33కి వెళ్లి 35కి వచ్చినా అప్పుడు సగటు తేడా 3 డిగ్రీల నుంచి 6కు చేరుతుంది, అంటే అదే జాకెట్ రెట్టింపు వేడి లాగుతుంది: 3.5కు బదులు 7 కిలోవాట్లు. స్టిర్రర్ వాటా తీసేస్తే 5.6 మిగులుతుంది. వెనక్కి లెక్కవేస్తే గంటకు మూడున్నర కిలోల చక్కెర, అంటే 7 లీటర్ల ఫీడ్. 37 దగ్గరే ఉంటానంటే అదే మధ్యాహ్నం మీకు దక్కేది రెండున్నర లీటర్లు. వేడిలో ఆక్సిజన్ కొంచెం తక్కువ కరుగుతుందన్నది నిజమే. కాని కరిగే వేగం పెరగడం వల్ల ఆ నష్టం చాలావరకు పూడిపోతుంది.

జవాబు 2 రాసినవారు

ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. జాతి ఒకటే అయినా స్ట్రెయిన్‌కు స్ట్రెయిన్‌కు (జాతిలోని రకానికి రకానికి) తేడా ఉంటుంది. ముందు షేకర్ ఫ్లాస్కుల్లో 37, 40 రెండింటి దగ్గర పెంచి, పెరుగుదలతో పాటు 80 డిగ్రీల పరీక్షలో బీజకణాల శాతం కూడా పోల్చాకే ట్యాంకులోకి వెళ్లండి. పెరుగుదల బాగుండి బీజకణాలు తగ్గితే, పెరిగేటప్పుడు 40లో ఉంచి, ఫీడ్ ఆపాక 37కు దించండి. అప్పటికి వేడి పుట్టడం తగ్గిపోతుంది, జాకెట్‌కు అది భారం కాదు.

ప్రశ్న వేసినవారు (మూడు వారాల తర్వాత)

మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేసి చూసి రాస్తున్నాను.

ఫ్లాస్కుల్లో మా స్ట్రెయిన్ 40 దగ్గర 37 కన్నా కొంచెం వేగంగానే పెరిగింది, బీజకణాల శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తరువాత పగటి బ్యాచ్ ఒకటి 40 దగ్గర నడిపాం. ఆర్.పి.ఎం. 350కి తాళం వేసినట్టే. నురగ వస్తే చుక్కలుగా యాంటీఫోమ్ వేయమన్నాం తప్ప వేగం ముట్టుకోవద్దన్నాం. ఫీడ్ గంటకు 5 లీటర్ల దగ్గర మొదలై, అరగంటకోసారి పెరుగుతూ 7 దగ్గర ఆగింది. కాస్టిక్ స్థానంలో అమ్మోనియా నీరు. డి.ఓ. 15 శాతానికి దిగింది గాని సున్నాకు అంటుకోలేదు. మజ్జిగ వాసన లేదు. పొడి బరువు 22. ఫీడ్ ఒక్కసారిగా ఆపి మరో 14 గంటలు గాలి ఇచ్చాం. 80 డిగ్రీల పరీక్షకు ముందు మిల్లీలీటరుకు 600 కోట్లు, తర్వాత 480 కోట్లు. పాత పగటి బ్యాచ్ నిల్వ నమూనాకు అదే పరీక్ష చేస్తే పదోవంతు కూడా మిగల్లేదు. ఫీడ్ ఆపిన రెండు గంటలకే మేం ట్యాంకు దించేవాళ్లం, అల్లూరు రైతుగారి అనుమానం నిజమే.

రెండో బ్యాచ్‌లో కొత్త తప్పు బయటపడింది. పంపు డయల్ మీద 7 ఉంది గాని డెక్స్‌ట్రోజ్ క్యాను ఆశించినంత ఖాళీ కాలేదు. క్యానును ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి అరగంటకోసారి బరువు రాయిస్తే, ఎక్కుతున్నది గంటకు 5.6 లీటర్లే అని తేలింది. పంపు రోలర్ల కింద సిలికాన్ గొట్టం నలిగి చప్పిడైపోయింది. విప్పి చూస్తే ఒకవైపు రిబ్బనులా ఉంది. ఇంతకుముందు రాత్రి బ్యాచ్‌లు 24, 25 మధ్య ఊగడానికి కూడా ఇదే కారణం కావచ్చు. ఇప్పుడు ప్రతి మూడు బ్యాచ్‌లకు గొట్టం మారుస్తున్నాం, డయల్‌ను వదిలేసి కాటా అంకెనే లాగ్‌షీటులో రాస్తున్నాం. ఉష్ణోగ్రత గడి పక్కనే ఆర్.పి.ఎం., సంపు నీటి ఉష్ణోగ్రత గడులు పెద్దవిగా గీయించాను.

చిల్లర్‌కు యజమాని ఇంకా ఊ అనలేదు. ఈలోగా సంపు మీద తాటాకు పందిరి వేయిస్తున్నాం, రేకుల మీది పైపులకు గోనెసంచి చుట్టిస్తున్నాం. శనివారం పగటి బ్యాచ్ ఉంది. మధ్యాహ్నం 2 గంటలకు సంపు నీరు 33.5 నుంచి ఎంతకు దిగిందో ఇక్కడే రాస్తాను. ఒక్క డిగ్రీ తగ్గినా ఫీడ్ హద్దును 7 నుంచి ఎక్కడికి జరపవచ్చో ఒంగోలు పెద్దవారు లెక్క కట్టి చెప్పాలి.